పంపడం కాదు, వెనక్కి తేవడం చూసి ఎంచుకోండి: డిప్లాయ్‌మెంట్ టూల్స్ పోలిక

2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ తన ఆర్డర్లు నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌తో మార్కెట్లోకి దిగింది. ఆ కోడ్ ఎనిమిది సర్వర్లకు వెళ్లాలి. చేత్తో కాపీ చేసినవాళ్లు ఏడింటికే పంపారు. ఎనిమిదోది మిగిలిపోయిందని ఎవరూ సరిచూడలేదు. ఆ ఒక్క సర్వర్లో ఏళ్ల తరబడి వాడకుండా వదిలేసిన పాత కోడ్ మేల్కొని, దాదాపు 45 నిమిషాల పాటు అక్కర్లేని ఆర్డర్లు కుమ్మరించింది. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు మధ్యలో జరిగిన ఇంకో సంగతి ముఖ్యం. తప్పు ఎక్కడుందో తెలియని ఆ గందరగోళంలో, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ని తీసేశారు. దాంతో ఆ ఏడు కూడా ఎనిమిదోదానిలాగే మొదలుపెట్టాయి.

డిప్లాయ్‌మెంట్‌ని, అంటే కొత్త కోడ్‌ని సర్వర్లకు చేర్చి నడిపే పనిని, ఆటోమేట్ చేద్దామనుకునే టీమ్‌లు సాధారణంగా ఫీచర్ల జాబితా ముందేసుకుని కూర్చుంటాయి. దేనికి ఎన్ని ప్లగిన్లు, ఏది ఫ్రీ, ఏది స్పీడు అని. కొత్త కోడ్‌ని సర్వర్ దాకా చేర్చడం ఇప్పుడు అన్ని టూల్స్‌కీ వచ్చు. తేడా బయటపడేది పంపింది బెడిసికొట్టినప్పుడే. అందుకని నేను చూసే కొలతలు ముందు చెప్పి, తర్వాత ఒక్కో దారినీ వాటితో తూచి చూపిస్తాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

వెనక్కి రావడం. కొత్త వెర్షన్ పాడైందని తెలిసిన దగ్గర్నుంచి పాతది మళ్లీ నడిచేదాకా ఎన్ని నిమిషాలు పడుతుంది, ఎంతమంది కావాలి? ఇక్కడ ఒక మెలిక ఉంది. వెనక్కి వెళ్లడానికి పాత కోడ్‌ని మళ్లీ బిల్డ్ చేయాల్సి (నడిచే ఫైలుగా తయారుచేయాల్సి) వస్తే దాన్ని రోల్‌బ్యాక్ అనలేం, అది ఇంకో కొత్త రిలీజే. ఈలోపు ఏదో లైబ్రరీ వెర్షన్ మారి ఉండొచ్చు, బేస్ ఇమేజ్ (అప్లికేషన్‌కి పునాదిగా ఉండే ప్యాకేజీ) మారి ఉండొచ్చు. ఒక్కసారే బిల్డ్ చేయాలి. టెస్టింగ్‌లో నడిచిన అదే ఫైలు, అదే కంటెయినర్ ఇమేజ్ (అప్లికేషన్, దానికి కావాల్సినవన్నీ కట్టిన ప్యాకేజీ) ప్రొడక్షన్‌కి, అంటే అసలు వాడకందార్లకు నడిచే చోటికి, వెళ్లాలి. దాని ముందు వెర్షన్ చెరిగిపోకుండా పక్కనే ఉండాలి.

ప్రొడక్షన్ కీలు ఎవరి దగ్గర ఉంటాయి. డిప్లాయ్ చేసే టూల్ చేతిలో సర్వర్ కీలు, క్లౌడ్ పాస్‌వర్డులు, డేటాబేస్ వివరాలు అన్నీ ఉంటాయి. 2023 జనవరిలో బిల్డ్, డిప్లాయ్ నడిపిపెట్టే సర్కిల్‌సీఐ అనే సర్వీసు తన సిస్టమ్‌లో చొరబాటు జరిగిందని ప్రకటించి, కస్టమర్లందరినీ అక్కడ దాచిన సీక్రెట్లన్నీ మార్చేసుకోమంది. అలాంటి మెయిల్ మీకు వస్తే ఏమేం మార్చాలో గంటలో జాబితా రాయగలరా? రాయలేకపోతే ఏ టూల్ తీసుకున్నా ఆ రిస్కు అలాగే ఉంటుంది.

టూల్‌ని చూసుకునేది ఎవరు. సొంతంగా పెట్టుకున్న ప్రతిదానికీ అప్‌డేట్లు, బ్యాకప్, డిస్కు నిండిపోవడం అనే బాధలు తప్పవు. వాటికి ఒక మనిషి పేరు రాసి ఉండాలి. "టీమ్ చూసుకుంటుంది" అంటే ఎవరూ చూసుకోరని అర్థం.

రికార్డు, ఆమోదం. ఏ వెర్షన్, ఎవరు, ఎప్పుడు పంపారు, ఎవరు సరే అన్నారు. రాత్రి ఏదైనా ఆగిపోయినప్పుడు మొదట వచ్చే ప్రశ్న "ఈరోజు ఏం మార్చారు?" అనే కదా. దానికి జవాబు ఒక్కచోట దొరకాలి.

స్పీడు గురించి విడిగా చెప్పడం లేదు. బిల్డ్ నెమ్మదిగా ఉంటే కారణం చాలావరకు టెస్టులు, క్యాష్, మెషీన్ సైజు. టూల్ మార్చితే అది పెద్దగా తగ్గదు.

## సొంత స్క్రిప్టు, ఆన్సిబుల్

ఒకటి రెండు సర్వర్లలో నడిచే అప్లికేషన్ అయితే దీన్ని తక్కువగా చూడకండి. రూబీ లోకంలో పేరున్న కాపిస్ట్రానో వాడే పద్ధతి చాలా తేలికైంది, ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. సర్వర్ మీద రిలీజెస్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. ప్రతి రిలీజ్‌కీ అందులో తేదీ, టైముతో కొత్త ఫోల్డర్ పుడుతుంది. కరెంట్ అనే లింకు వాటిలో ఒకదాన్ని చూపిస్తుంటుంది. వెబ్ సర్వర్‌కి తెలిసింది ఆ లింకు ఒక్కటే. కొత్త ఫోల్డర్ మొత్తం సిద్ధమయ్యాక లింకుని దానివైపు తిప్పి, అప్లికేషన్‌ని రీస్టార్ట్ చేస్తారు. బాగాలేదా, లింకుని నిన్నటి ఫోల్డర్‌కి తిప్పేస్తారు. కాపీ చేసేది లేదు, బిల్డ్ చేసేది లేదు. కాపిస్ట్రానో మామూలుగా చివరి ఐదు రిలీజ్‌లు ఉంచుతుంది. రోల్‌బ్యాక్ విషయంలో ఇంతకన్నా సూటిగా ఉండే ఏర్పాటు తక్కువ.

లోపం వేరేచోట ఉంది. స్క్రిప్టు ఎవరి ల్యాప్‌టాప్ నుంచి నడిస్తే కీలు ఆ ల్యాప్‌టాప్‌లో ఉంటాయి, రికార్డు ఎక్కడా ఉండదు, ఇద్దరు ఒకేసారి నడిపినా ఆపేవాళ్లు లేరు. ఈ మూడూ తీరాలంటే స్క్రిప్టుని మనుషుల మెషీన్ల నుంచి తీసేసి, ఒకే చోట నుంచి, లాక్ పెట్టి, లాగ్ రాస్తూ నడపాలి. అది చేయకపోతే సగం ఆటోమేషనే.

సర్వర్లు పెరిగితే, చాలా సర్వర్లలో ఒకే పనిని నడిపే ఆన్సిబుల్ అనే టూల్ అక్కరకొస్తుంది. 2012లో మొదలైన దీన్ని 2015లో రెడ్ హ్యాట్ కొనేసింది. సర్వర్ల మీద ప్రత్యేకంగా ఏజెంట్ పెట్టక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి), పైథాన్ ఉంటే చాలు. జాబితాలో ఎనిమిది సర్వర్లుంటే ఎనిమిదింటికీ అవే మెట్లు నడుస్తాయి, ఒకటి ఫెయిలైతే ఎర్రగా కనిపిస్తుంది. సీరియల్ అనే సెట్టింగ్‌తో ఒకేసారి ఎన్ని సర్వర్లు మార్చాలో చెప్పొచ్చు. ఇన్ని శాతం ఫెయిలైతే ఆపేయమనీ చెప్పొచ్చు. అయితే రోల్‌బ్యాక్ దానంతటదే రాదు. ప్లేబుక్ (ఆ మెట్లు రాసిన ఫైలు) మధ్యలో ఆగితే సగం సర్వర్లు కొత్తదాని మీద, సగం పాతదాని మీద నిలబడిపోతాయి. వెర్షన్ నంబర్‌ని బయటి నుంచి ఇచ్చేలా ప్లేబుక్ రాసుకుంటే, పాత నంబర్‌తో దాన్నే మళ్లీ నడపడం మీ రోల్‌బ్యాక్ అవుతుంది. ఇది మొదటి రోజే రాసుకోవాలి.

## జెన్‌కిన్స్

జెన్‌కిన్స్ అంటే బిల్డ్, టెస్టు, డిప్లాయ్ పనుల్ని వరుసగా నడిపే సర్వర్. దీన్ని కోహ్సుకే కవగుచి సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉండగా హడ్సన్ పేరుతో మొదలుపెట్టారు. సన్‌ని కొన్న ఒరాకిల్‌తో పేరు విషయంలో వివాదం వచ్చాక 2011లో జెన్‌కిన్స్ అయింది. పాతబడిందని తీసిపారేసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇంటర్నెట్‌కి తెరవని నెట్‌వర్క్, ప్రత్యేకమైన హార్డ్‌వేర్, ఎవరూ ముట్టని పాత కంపైలర్, వీటిలో ఏదున్నా జెన్‌కిన్స్ ఎక్కడో ఒక దారి చూపిస్తుంది. ఆమోదం కోసం పైప్‌లైన్‌ని (ఆ పనుల వరుసని) మధ్యలో ఆపి మనిషి నొక్కేదాకా ఆగమనే ఏర్పాటు కూడా ఉంది, దానికి విడిగా ప్లాన్ కొనక్కర్లేదు.

దాని బలమూ బరువూ ప్లగిన్లే. వేల మీద ప్లగిన్లున్నాయి, ఒక్కోదాన్ని ఒక్కొక్కరు చూసుకుంటారు. కొన్నింటిని ఇప్పుడు ఎవరూ చూసుకోవడం లేదు. జెన్‌కిన్స్‌ని అప్‌డేట్ చేస్తే ఒక ప్లగిన్ ఆగుతుంది, ఆ ప్లగిన్ పెంచితే ఇంకోటి ఆగుతుంది. అలా భయపడి ఏడాదిగా అప్‌డేట్ చేయని జెన్‌కిన్స్ సర్వర్లు ఎన్నో. 2024 జనవరిలో జెన్‌కిన్స్ కమాండ్‌లైన్ భాగంలో సర్వర్ మీది ఫైళ్లను బయటివాళ్లు చదవగలిగే తీవ్రమైన లోపం బయటపడింది. ప్రొడక్షన్ కీలన్నీ ఉన్న మెషీన్‌లో అలాంటి లోపాన్ని అప్పటికప్పుడు మూసేయగలగాలి, వాయిదా వేసే పని కాదది.

జెన్‌కిన్స్ తీసుకుంటే రెండు విషయాల్లో రాజీ పడకండి. జాబ్‌లు స్క్రీన్ మీద క్లిక్ చేసి తయారుచేయకుండా, జెన్‌కిన్స్‌ఫైల్‌గా కోడ్‌తో పాటు రిపోలో (కోడ్ దాచే చోట) పెట్టండి. క్లిక్కులతో కట్టిన పైప్‌లైన్ ఆ మెషీన్ పోతే దాంతోనే పోతుంది. రెండోది, డిప్లాయ్ జాబ్‌ని బిల్డ్ జాబ్ నుంచి విడదీసి, వెర్షన్‌ని పారామీటర్‌గా అడిగేలా రాయండి. అప్పుడు వెనక్కి వెళ్లడమంటే పాత నంబర్ టైప్ చేసి బటన్ నొక్కడమే.

## గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్

గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ రెండూ కోడ్ దాచుకునే చోట్లు, డిప్లాయ్ నడిపే ఏర్పాటు కూడా వాటిలోనే ఉంది. కోడ్ ఇప్పటికే వీటిలో ఉంటే మొదట ఇక్కడే ఆగి ఆలోచించాలి. గిట్‌హబ్ యాక్షన్స్ 2019 నవంబర్‌లో అందరికీ తెరుచుకుంది. రిపోలో ఒక యామల్ ఫైలు (చేయాల్సిన పనులు వరుసగా రాసే సెట్టింగుల ఫైలు) పెడితే చాలు. సర్వర్ పెట్టే పనిలేదు, అప్‌డేట్ల టెన్షన్ లేదు. మెర్జ్ చేసినవాళ్లు, నడిచిన లాగ్, వెళ్లిన వెర్షన్ అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్తగా చేరినవాళ్లకి వివరించడం కూడా సులువు.

కీల విషయంలో ఇక్కడ ఒక మంచి సౌకర్యం ఉంది, చాలామంది వాడరు. క్లౌడ్ పాస్‌వర్డ్‌ని సీక్రెట్‌గా దాచే బదులు, ఓఐడీసీ (పాస్‌వర్డ్ దాచకుండానే గుర్తింపు నిరూపించే పద్ధతి) ద్వారా ప్రతి రన్‌కీ కొద్దిసేపే పనిచేసే టోకెన్ తెచ్చుకోవచ్చు. దొంగిలించినా కాసేపటికే పనికిరాకుండా పోతుంది. గిట్‌ల్యాబ్‌లోనూ ఇది కుదురుతుంది.

ఇతరులు రాసిన యాక్షన్లతో (వర్క్‌ఫ్లోలో తెచ్చిపెట్టుకునే రెడీమేడ్ మెట్లతో) మాత్రం జాగ్రత్త. 2025 మార్చిలో చేంజ్‌డ్ ఫైల్స్ అనే యాక్షన్‌ని ఎవరో చెడగొట్టారు. అది వేల రిపోల్లో వాడుకలో ఉన్నది. పాత వెర్షన్ ట్యాగుల్ని కూడా చెడ్డ కోడ్‌వైపు తిప్పేశారు. దాంతో సీక్రెట్లు లాగుల్లో అచ్చయ్యాయి. ట్యాగ్ పేరుతో తెచ్చుకున్నవాళ్లు దెబ్బతిన్నారు, పూర్తి కమిట్ హ్యాష్‌తో (ఆ కోడ్‌కే చెందే మారని గుర్తుతో) ముందే కట్టేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. డిప్లాయ్ చేసే వర్క్‌ఫ్లోలో బయటి యాక్షన్ ఏదున్నా హ్యాష్‌తోనే రాయండి.

రోల్‌బ్యాక్ దగ్గర ఒక గొయ్యి ఉంది. పాత రన్‌ని తెరిచి మళ్లీ నడిపితే సరిపోతుంది కదా అని చాలామంది ఆ నమ్మకం మీదే ఉంటారు. గిట్‌హబ్‌లో ఒక రన్‌ని మళ్లీ నడపగలిగేది మొదటిసారి నడిచిన 30 రోజుల్లోపే. ఆర్టిఫాక్టులు (బిల్డ్‌లో తయారైన ఫైళ్లు) మామూలుగా 90 రోజులు ఉంటాయి. నెలకోసారి రిలీజ్ చేసే టీమ్‌కి అవసరమైన రోజున ఆ బటనే ఉండకపోవచ్చు. బిల్డ్ అయిన ఇమేజ్‌ని రిజిస్ట్రీలో (ఇమేజ్‌లు దాచే గిడ్డంగిలో) వెర్షన్ పేరుతో దాచి, వెర్షన్ అడిగి డిప్లాయ్ చేసే వర్క్‌ఫ్లో విడిగా రాసుకోవాలి. ఒకేసారి రెండు డిప్లాయ్‌లు పోటీ పడకుండా కంకరెన్సీ సెట్టింగ్ కూడా పెట్టండి, అది లేకపోతే పాత కమిట్ చివరికి గెలిచే ప్రమాదముంది.

రోల్‌బ్యాక్, డిప్లాయ్‌ల పోటీ, ఈ రెండు విషయాల్లో గిట్‌ల్యాబ్ ఒక మెట్టు పైనుంది. ఎన్విరాన్‌మెంట్ల పేజీలో ఏ వెర్షన్ ఎక్కడ నడుస్తోందో చూపిస్తుంది, పక్కనే రోల్‌బ్యాక్ బటన్ ఇస్తుంది. వెనకబడిన డిప్లాయ్ జాబ్‌ని అడ్డుకునే సెట్టింగ్ ఉంది. పైగా మొత్తం గిట్‌ల్యాబ్‌ని మీ సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు. బయటికి కోడ్ పంపకూడని సంస్థలకి అది పెద్ద విషయం. కానీ అలా పెట్టుకున్న రోజు నుంచి దాన్ని చూసుకోవడం మీ పనే. ప్రొడక్షన్‌కి ముందు ఇంకొకరి ఆమోదం తప్పనిసరి చేసే సదుపాయం రెండింటిలోనూ మీరు కొన్న ప్లాన్‌ని బట్టి ఉంటుంది. ఆడిట్ ఉండే సంస్థలు ధర చూసేటప్పుడు ముందు ఆ లైను వెతకాలి.

## ఆర్గో సీడీ, ఫ్లక్స్

ఇవి బిల్డ్ చేయవు, టెస్టులు నడపవు. కుబర్నెటీస్ (కంటెయినర్లను చాలా మెషీన్ల మీద నడిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్ లోపలే కూర్చుని ఒక గిట్ రిపోని చూస్తుంటాయి. అందులో రాసినట్టు క్లస్టర్‌ని ఉంచడమే వాటి పని. ఈ పద్ధతికి 2017లో వీవ్‌వర్క్స్ గిట్‌ఆప్స్ అని పేరు పెట్టింది. ఆ కంపెనీ 2024లో మూతపడినా, అక్కడ పుట్టిన ఫ్లక్స్ సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ ఫౌండేషన్ కింద కొనసాగుతోంది. ఇంట్యూట్ నుంచి వచ్చిన ఆర్గో కూడా అదే గూటిలో ఉంది. స్క్రీన్ మీద చూడాలనుకునేవాళ్లకి ఆర్గో నచ్చుతుంది. అన్నీ ఫైళ్లతోనే నడపాలనుకునే ప్లాట్‌ఫామ్ టీమ్‌లు ఫ్లక్స్ వైపు మొగ్గుతాయి.

కీల కొలతలో వీటిదే పైచేయి. బయటి సీఐకి (బిల్డ్, టెస్టులు నడిపే టూల్‌కి) క్లస్టర్ కీలు ఇవ్వక్కర్లేదు, క్లస్టరే బయటికొచ్చి గిట్‌ని చదువుకుంటుంది. రికార్డు కూడా బ్రహ్మాండం. ఏం మారింది అనేదానికి గిట్ చరిత్రే జవాబు.

వెనక్కి రావడం మాత్రం అలవాటు పడేదాకా తికమక పెడుతుంది. ఆర్గోలో రోల్‌బ్యాక్ బటన్ ఉంది, కానీ ఆటోమేటిక్ సింక్ పెట్టుకున్న అప్లికేషన్‌కి అది పనిచేయదు. గిట్‌లో కొత్త వెర్షన్ రాసి ఉండగా బటన్‌తో పాతదానికి వెళ్తే, సింక్ మళ్లీ కొత్తదాన్నే తెచ్చిపెడుతుంది మరి. గిట్‌లోనే రివర్ట్ చేయాలి. ఆ రివర్ట్‌కి కూడా రివ్యూ కావాలనే నియమం ఉంటే, అర్ధరాత్రి ఇంకొకరిని లేపాల్సిందే. పైగా ఆర్గో మామూలుగా రెండు మూడు నిమిషాలకోసారి గిట్‌ని చూస్తుంది, వెబ్‌హుక్ (మార్పు జరగ్గానే గిట్ నుంచి వచ్చే కబురు) పెడితేనే వెంటనే కదులుతుంది. సెల్ఫ్ హీల్ (గిట్‌తో తేడా వస్తే తనంతట తానే సరిచేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే చేత్తో చేసిన మార్పు కాసేపు కూడా నిలవదు. హడావుడిలో రెప్లికాలు (నడిచే కాపీలు) పెంచినవాళ్లు అవి వాటంతటవే తగ్గిపోవడం చూసి బెంబేలెత్తుతారు. అత్యవసరంలో సింక్ ఎవరు ఆపాలి, ఎలా ఆపాలి అన్నది ముందే రాసి పెట్టుకోండి.

ఇంకో మాట. వీటికోసం కుబర్నెటీస్‌లోకి దూకకండి. ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్లకే ఈ ఎంపిక.

## ఒక్క చూపులో

| దారి | వెనక్కి రావడం | కీలు | నిర్వహణ భారం |
|---|---|---|---|
| స్క్రిప్టు, ఆన్సిబుల్ | లింకు పద్ధతిలో చాలా త్వరగా. ఆన్సిబుల్‌లో మీరే రాసుకోవాలి | నడిపే మెషీన్ మీద | తక్కువ |
| జెన్‌కిన్స్ | వెర్షన్ అడిగే జాబ్ ఉంటే సులువు | జెన్‌కిన్స్ సర్వర్లో | ఎక్కువ |
| గిట్‌హబ్ యాక్షన్స్ | విడిగా వర్క్‌ఫ్లో రాసుకోవాలి | గిట్‌హబ్‌లో, లేదా ఓఐడీసీతో తాత్కాలిక టోకెన్ | చాలా తక్కువ |
| గిట్‌ల్యాబ్ | బటన్ ఉంది. పాత ఇమేజ్ రిజిస్ట్రీలో ఉండాలి | గిట్‌ల్యాబ్‌లో, లేదా ఓఐడీసీతో | క్లౌడ్ అయితే తక్కువ, సొంతమైతే ఎక్కువ |
| ఆర్గో సీడీ, ఫ్లక్స్ | గిట్ రివర్ట్ | క్లస్టర్ దాటవు | మధ్యస్థం, కుబర్నెటీస్ తెలిసి ఉండాలి |

## ఏ టూల్ కాపాడలేని చోటు

పై పట్టికలో డేటాబేస్ లేదు, ఎందుకంటే అక్కడ అన్ని టూల్సూ ఒకటే. కోడ్ క్షణంలో వెనక్కి వస్తుంది, తీసేసిన కాలమ్ రాదు. ఫోన్ అనే కాలమ్‌ని మొబైల్ అని మార్చారనుకోండి. కొత్త కోడ్ బాగా లేదని పాతదానికి వెళ్తే, అది ఫోన్ కోసం వెతికి కూలబడుతుంది. దీన్ని ముక్కలు చేయాలి. మొదటి రిలీజ్‌లో కొత్త కాలమ్ చేర్చి, రాసేటప్పుడు రెండింట్లోనూ రాయాలి. పాత వరుసల్లోని డేటాని కొత్తదానిలోకి నింపాలి. తర్వాతి రిలీజ్‌లో కొత్తదాన్నుంచి చదవాలి. అంతా కుదుటపడ్డాక, ఇంకో రిలీజ్‌లో పాతదానిలో రాయడం ఆపాలి, ఆ తర్వాతి రిలీజ్‌లో పాత కాలమ్ తీసేయాలి. ప్రతి దశలోనూ ఒక అడుగు వెనక్కి వేయడానికి వీలుంటుంది. పని ఎక్కువే, కానీ ఇది లేకుండా రోల్‌బ్యాక్ బటన్ ఉత్త భరోసాయే.

## ఎవరు ఏది తీసుకోవాలి

ఒక్కరో ఇద్దరో నడిపే ప్రాజెక్టు, ఒక సర్వర్: లింకు తిప్పే స్క్రిప్టు రాయండి, దాన్ని గిట్‌హబ్ యాక్షన్స్ నుంచో గిట్‌ల్యాబ్ నుంచో నడపండి. లాగ్, లాక్ రెండూ దొరుకుతాయి. ఇంతకు మించి ఏదీ ఇప్పుడు అక్కర్లేదు.

నాలుగైదు సర్వీసులున్న ప్రొడక్ట్ టీమ్, కోడ్ ఇప్పటికే గిట్‌హబ్‌లోనో గిట్‌ల్యాబ్‌లోనో ఉంది: అక్కడే ఉండండి. టూల్ మార్చే టైముని వెర్షన్ అడిగే డిప్లాయ్ జాబ్ రాయడానికి, ఓఐడీసీకి మారడానికి వాడండి.

కుబర్నెటీస్ మీద చాలా సర్వీసులు, రెండు మూడు క్లస్టర్లు ఉన్నవాళ్లు బిల్డ్‌ని సీఐలో ఉంచి, డిప్లాయ్‌ని ఆర్గోకో ఫ్లక్స్‌కో ఇవ్వడం మంచిది. ట్రాఫిక్‌లో కొద్దిశాతానికే ముందు కొత్త వెర్షన్ చూపించాలంటే ఆర్గో రోలౌట్స్, ఫ్లాగర్ లాంటివి దీనికి తోడవుతాయి. కుబర్నెటీస్ సొంతంగా చేసే రోలింగ్ అప్‌డేట్, రెడీనెస్ ప్రోబ్ (సిద్ధమైందో లేదో చూసే పరీక్ష) సరిగ్గా రాసి ఉంటే, లేవని పాడ్‌లను (అప్లికేషన్ కాపీలను) పట్టుకుంటుంది. లేచి తప్పు జవాబులిచ్చేవాటిని పట్టుకోలేదు.

బయటి నెట్‌వర్క్ లేని సంస్థ: సొంత గిట్‌ల్యాబ్ లేదా జెన్‌కిన్స్. జెన్‌కిన్స్ తెలిసిన మనిషి ఇప్పటికే ఉంటే జెన్‌కిన్స్, కొత్తగా మొదలుపెడుతుంటే గిట్‌ల్యాబ్. నడుస్తున్న జెన్‌కిన్స్‌ని పాతదన్న ఒక్క కారణంతో పీకేయడం నాకు సమ్మతం కాదు.

మొబైల్ యాప్‌లవాళ్ల లెక్క పూర్తిగా వేరు. ఫోన్లోకి వెళ్లిన వెర్షన్‌ని వెనక్కి లాగలేరు. ఆపిల్ ఫేజ్‌డ్ రిలీజ్ ఆటోమేటిక్ అప్‌డేట్‌ని 1 శాతంతో మొదలుపెట్టి ఏడు రోజుల్లో అందరికీ చేరుస్తుంది, మధ్యలో ఆపొచ్చు. గూగుల్ ప్లేలో శాతం మీరే ఇవ్వొచ్చు. ఆపినా ఇప్పటికే తీసుకున్నవాళ్ల దగ్గర ఆ వెర్షనే ఉంటుంది. కాబట్టి ఫాస్ట్‌లేన్ అనే టూల్‌తో బిల్డ్, అప్‌లోడ్ ఆటోమేట్ చేసుకుని, రిస్కున్న ఫీచర్లని సర్వర్ నుంచి ఆర్పగలిగే ఫ్లాగుల వెనక పెట్టండి. సీఐ ఏదైనా సరే, ఐఓఎస్ బిల్డ్‌కి మ్యాక్ మెషీన్ దొరుకుతుందో లేదో ముందు చూసుకోండి.

రెండింటి మధ్య ఇంకా తేలకపోతే, రెండింట్లోనూ ఒక చిన్న సర్వీసుని పెట్టి చూడండి. మామూలు రిలీజ్ రెండుసార్లు పంపండి. మూడోసారి కావాలనే చెడ్డ వెర్షన్ పంపి, ఆ పైప్‌లైన్ రాయనివాళ్లని పిలిచి వెనక్కి తెమ్మనండి. వాళ్లు ఎక్కడ ఆగి "ఇప్పుడేం నొక్కాలి?" అని అడిగారో రాసుకోండి. ఎవరి సాయమూ లేకుండా, తక్కువ టైములో వెనక్కి తేగలిగిన టూల్‌నే ఉంచుకోండి.